పక్కింటికి చేరని అట్ట

ఒసాకాలోని ఆ ఇరుకు సందులో, పెరూ నుంచి వచ్చిన ఎల్మెర్ డ్యూటీకి బయల్దేరుతుంటే పక్కింటి కురమోతో ముసలాయన తలుపు తట్టాడు.

"బాబూ, ఇంటింటికీ తిరిగే నోటీసుల అట్ట నీ దగ్గరేమైనా ఆగిపోయిందా?"

"ఇదిగో, చెప్పుల అర మీదే ఉంది తాతగారూ. జపనీస్ చదవడం రాక పెట్టేశాను. ఎవరో వచ్చి పట్టుకెళ్తారనుకున్నా."

"చూసినట్టు ముద్ర వేసి పక్కింట్లో ఇవ్వాలయ్యా. నీ తర్వాత మా ఇల్లే."

"అయ్యో, వారం దాటిందే! ముఖ్యమైందా?"

ముసలాయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

"సందు చివరింటి ఫుమియే చనిపోయిందట. మొన్న శుక్రవారం అంత్యక్రియలని రాసుంది. సాగనంపేసే ఉంటారు."

"మీకు బాగా తెలిసినావిడా?"

"రోజూ పొద్దున్నే కలిసి నడిచేవాళ్లం. పది రోజులుగా రావట్లేదు. అలిగిందనుకుని, నేనూ బెట్టు చేసి కూర్చున్నా."