పైకి కనబడని నీలం

బోస్టన్‌లో ఒక ఆసుపత్రి గది. మంచం మీద డెబ్బై ఆరేళ్ల మానసిక వైద్యుడు లూషస్, పక్కన కుర్చీలో అతని అక్క ఒడెస్సా.

"కాలు తీసేస్తారా? మొత్తమా?"

"మోకాలి కింద నుంచి. రేపు పొద్దున."

"నొప్పని వచ్చి రెండు రోజులైంది కదరా. రక్తం గడ్డకట్టిందని వీళ్లకి ఇవాళ తెలిసిందా?"

"తాకి చూస్తే మొన్నే తెలిసేది, అక్కా. పాదం చల్లబడిపోయింది. రక్తం అందక వచ్చే నీలం మన నల్ల ఒంటి మీద పైకి కనబడదుగా."

"మరి మొన్న ఏం చేశారు?"

"రాసుకున్నారు."

"ఏమని?"

"పోనీలే."

"ఏమని రాశారు, లూషస్?"

"నొప్పి ఎక్కువ చేసి చెబుతున్నాడు, మత్తుమందు కోసం కావచ్చు, అని."

"నీ గురించా? నల్లవాడి నొప్పి అబద్ధం కాదని ముప్పై ఏళ్లు పాఠం చెప్పింది ఇక్కడేగా నువ్వు?"

"ఇక్కడే. కింది అంతస్తులో."

"టీవీ వాళ్లనీ వదల్లేదు. నీ సలహా కోసం పంపిన కథల్లో మనవాణ్ణి దొంగగా రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేవాడివి. నువ్వు దిద్దిన సీరియల్లో మనవాడు మొదటిసారి డాక్టరు కోటు వేసుకున్నప్పుడు, మా లాండ్రీలో ఆడవాళ్లందరం దుప్పట్లు కింద పడేసి చప్పట్లు కొట్టాం."

"కోటు వేయించగలిగాను. అంతే."

"ఎవడు రాశాడో పేరు చెప్పు. పేపరు వాళ్లని నేను పిలుస్తా."

"వద్దు."

"ఈ వయసులో తెల్లవాడంటే భయమా నీకు?"

"తెల్లవాడు కాదు."

"మరి?"

"ఆ మంచినీళ్లు ఇలా ఇవ్వు."

"ఇస్తా. ముందు చెప్పు."

"వెల్మా."

"మన వెల్మానా? మెడికల్ కాలేజీ వాళ్లతో పోట్లాడి నువ్వు సీటిప్పించిన పిల్లా? ఆదివారం ఆదివారం వచ్చి నా చేతి చేపల వేపుడు తిన్న పిల్లా?"

"ఆ పిల్లే."

"నిన్ను గుర్తుపట్టలేదా ఏమిటి?"

"గుమ్మంలోనే పట్టింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది."

"పట్టి కూడా అలా రాసిందా?"

"పట్టింది గనకే రాసింది. మనవాళ్లని ప్రత్యేకంగా చూస్తున్నావన్న మాట ఒక్కసారి వచ్చినా ఇక్కడ నిన్ను నిలవనివ్వరు, జాగ్రత్త, అని మొదటి రోజే ఆ పిల్లకి నేర్పింది నేను, అక్కా."