ఉర్హో తుపాకీకి రెండు బెజ్జాలు

“విల్హో బాబాయ్! మాంసం పాస్టీలు చల్లారిపోతున్నాయ్!”

అదిగో, వీధి చివర్నుంచి మీ అమ్మ సైమీ కేక. గని మూతపడ్డా ఈ ఊరికి సైరన్ లోటు లేదు. పద కెర్టూ, చెయ్యి పట్టుకో, నువ్వడిగింది నడుస్తూ చెప్తా. మీ ఉర్హో తాత వేట తుపాకీ సంగతే కదా? కొనడానికొచ్చినాయన ఏమన్నాడూ, మళ్ళీ చెప్పు. తుపాకీ ఒంటికి పక్కగా ఉన్న రెండు బెజ్జాలు దాన్ని చేసిన కంపెనీ పెట్టినవైతే మీ ఇంటి కప్పు వేయించుకునేంత ఇస్తాడు. తర్వాతెవరో పొడిచినవైతే మూడోవంతు. పోయిన ఉర్హోకి నేను స్నేహితుణ్ణి కాబట్టి నా మాట నమ్ముతాడు. అంతేనా?

నాకు ఈ ధరలే అర్థం కావు తల్లీ. పెట్టెలోంచి తియ్యని తుపాకీకి ఎక్కువట, నలభయ్యేళ్ళు ఇల్లు పోషించినదానికి తక్కువట. కర్ర మీద గీత పడితే తగ్గింపు, పాలిష్ కొడితే ఇంకా తగ్గింపు. మరేం చెయ్యాలట దాన్ని? అసలది మీ ముత్తాత పోస్టులో తెప్పించాడు. అప్పట్లో తుపాకీ కూడా చొక్కాలాగే పార్సిల్లో వచ్చేది. పొయ్యి కొనడానికి దాచిన డబ్బు దానికి పెట్టేశాడని మీ ముత్తవ్వ వారం రోజులు మాట్లాడలేదట. అది వేరే కథ.

ఏమడిగావ్? ఆఁ, బెజ్జాలు. యాభై ఎనిమిదిలో... కాదు, అరవై. మీ అమ్మకింకా నడక రాలేదు. గనిలో రాతిపెచ్చు ఎగిరి ఉర్హో కంట్లో పడింది. గురి చూస్తే ఒక్కటి రెండుగా కనబడేది వాడికి. ఆపైన గని మూసేశారు, జింకల వేట మొదలవడానికి నాలుగు రోజులే ఉంది. తుపాకీ పక్కన గురిచూసే దుర్బిణీ బిగిద్దాం రమ్మన్నాడు. మా కొట్టంలో నేనే డ్రిల్లు తిప్పా. మొదటి బెజ్జం వంకర పోయింది. డ్రిల్లు ఆపేశా. వాడేమో వంగి చూసి, “పోన్లేరా, జింక మాత్రం తిన్నగా పరిగెడుతుందా?” అన్నాడు. ఆ చలికాలం నాలుగిళ్ళ వాళ్ళం ఆ వంకర బెజ్జం పెట్టిన తిండే తిన్నాం. దుర్బిణీ పోయాక బెజ్జాల్లో మరచీలలు బిగించేశాం, వంకర పైకి తెలీదు.

కంపెనీవే అని చెప్పమంటావా? చెప్పొచ్చు. మీ వంటింట్లో కప్పు కారే చోట్ల బకెట్లు ఎన్నున్నాయో నాకు తెలుసు. ఉండు, ఊపిరి తీసుకోనీ. కంపెనీవే అంటే ఆ రోజు కొట్టంలో నేను లేనట్టేగా? ఉర్హో ఆ మాట అననట్టేగా?

ఇల్లొచ్చేసింది. ఏం బాబూ, కొనేది నువ్వేనా? బల్ల మీదున్న ఈ తుపాకీకి బెజ్జాలు నేనే పెట్టా. ఒకటి వంకర. చీల తీసి చూసుకో.

మూడోవంతా. సరే, నీ లెక్క నీది. అదేంటి సైమీ, ఎక్కడికెత్తుకెళ్తున్నావ్? మళ్ళీ గోడకి తగిలించేస్తున్నావా? మరి కప్పో? రేపు మనమే వేద్దామా? తొంభయ్యేళ్ళవాణ్ణి నిచ్చెనెక్కమంటావా నువ్వు? సరే, కింద నిలబడి మేకులందిస్తా.

నువ్వూ కూర్చో బాబూ, బల్ల ఖాళీ అయిందిగా. కెర్టూ, ఆ ఉప్పు ఇటు జరుపు.