కోట గోడ మీద పేర్లు

నా పేరు కొల్లిపర కృష్ణకుమారి. వయసు అరవై ఒకటి. ఊరు తెనాలి. ఆర్టీసీలో ఇరవై ఏడేళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. సెప్టెంబరు నుంచి జార్జియాలోని కమ్మింగ్‌లో మా అమ్మాయి నమ్రత ఇంట్లో ఉంటున్నాను. విజిటర్ వీసా మీద వచ్చాను. ఫిబ్రవరిలో తిరిగి వెళ్ళాలి. ఇంగ్లీషు కొంత అర్థమవుతుంది గానీ మాట్లాడలేను. అందుకని ఫోన్‌లో ఉన్న దుబాసీ ద్వారా ఈ వాంగ్మూలం తెలుగులో చెబుతున్నాను.

క్రిస్మస్ సెలవులకు ఈ సెయింట్ ఆగస్టీన్ రావాలని మా అల్లుడు కౌశిక్‌గారు అనుకున్నారు. "దేశం దాటితే మళ్ళీ వీసా స్టాంపింగ్ గొడవ అత్తయ్యా, అది స్పెయిన్ వాళ్ళు కట్టిన ఊరే, స్పెయిన్ ఇక్కడే చూసేద్దాం" అన్నారు. నిన్న, అంటే డిసెంబరు 26న, ఉదయం 5:10కి బయల్దేరాం. నేను, అల్లుడుగారు, నమ్రత, ఏడేళ్ళ మనవరాలు అవని. పులిహోర నేనే కలిపాను. మధ్యాహ్నం 1:20కి చేరాం. సాయంత్రం ఊరంతా దీపాలు పెట్టారు, బాగుంది. నమ్రత ఫోన్ నాకిచ్చి "అమ్మా, మా ముగ్గురికీ ఒకటి తియ్యి" అంది. నిన్నటి నుంచి ముప్పై ఒక్క ఫొటోలు తీశాను.

ఇవాళ ఉదయం 10:15కి ఇక్కడి పాత స్పెయిన్ కోటలోకి వెళ్ళాం. ఒక గదిలో ఎప్పటి సైనికులో గోడ మీద గీకిన ఓడ బొమ్మలు అద్దం వెనక ఉన్నాయి. అల్లుడుగారు వాటిని చాలాసేపు చూశారు. తర్వాత వెనక గోడ దగ్గరికి వచ్చాం. ఆ రాయి నిండా ఆల్చిప్ప ముక్కలే, గోటితో గిల్లినా రాలేట్టుంది. నాకు మోకాలు నొప్పిగా ఉంటే బెంచీ మీద కూర్చున్నాను. 10:50కి లేచి వెళ్ళి ఇంటి తాళంచెవితో గోడ మీద గీకాను. తెలియక చేశాను. తప్పయింది.

ఇక్కడ నా మాటలు రాసుకుంటున్న అధికారిగారు గోడ ఫొటో చూపించి, ఏం రాసి ఉందో చదవమన్నారు. నేను చదివాను. మంచినీళ్ళు అడిగాను. ఇచ్చారు.

నేను గీకానని పైన చెప్పిన మాట అబద్ధం. కొట్టేయకండి, అలాగే ఉండనివ్వండి. నాచేత ఏం చెప్పించారో అందరికీ తెలియాలి.

గీకింది కౌశిక్, తన దగ్గరున్న ఇంటి తాళంచెవితో. ఇక గారు అనను. నేను బెంచీ మీంచి "ఏంటది బాబూ, వద్దు" అని అరిచాను. "తెలుగులో రాస్తే ఇక్కడెవరికి తెలుస్తుంది అత్తయ్యా" అని నవ్వాడు. బస్సు సీటు మీద పేర్లు గీకినవాళ్ళని నడిరోడ్డు మీద దింపేసిన మనిషిని నేను. అయినా అల్లుడని ఊరుకున్నాను.

ఐదు నిమిషాల్లో కోటలో పనిచేసే, యూనిఫారమ్‌లో ఉన్న అమ్మాయి వచ్చి ఎవరు చేశారని అడిగింది. కౌశిక్ నన్ను చూపించాడు. చూపించాకే నన్ను పక్కకి పిలిచాడు. "ప్లీజ్ అత్తయ్యా. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. నా మీద కేసు పడితే అంతా పోతుంది. మీరెలాగూ ఫిబ్రవరిలో వెళ్ళిపోతారు కదా."

"నాకు మళ్ళీ వీసా ఇవ్వకపోతే?" అన్నాను.

"వీడియో కాల్ ఉందిగా అత్తయ్యా" అన్నాడు.

నేను నమ్రత వైపు చూశాను. అది అవని జాకెట్ జిప్పు పెడుతోంది. జిప్పు అప్పటికే పెట్టి ఉంది. తల ఎత్తకుండా "ఒక్క మాటే కదమ్మా" అంది. యూనిఫారమ్ అమ్మాయి పిల్లని అడిగింది. అవని వాళ్ళ నాన్న మొహం చూసి "అమ్మమ్మ డిడ్ ఇట్" అంది. రోజూ పడుకునేటప్పుడు నా చెయ్యి పట్టుకుని పడుకునే పిల్ల. దాని తప్పేం లేదు. దాని చేత చెప్పించినవాళ్ళని మాత్రం నేను క్షమించను.

అధికారిగారూ, మళ్ళీ ఈ దేశం రానివ్వకపోవచ్చని మీరు ముందే హెచ్చరించారు. అయినా ఒప్పుకోవడానికే ఈ గదిలోకి వచ్చాను. వాళ్ళ కోసం, నా వాళ్ళ కోసం. కౌశిక్ గీకింది నేను దగ్గరికి వెళ్ళి చూడలేదు. ఇందాక మీ ఫొటోలోనే చూశాను. కౌశిక్, నమ్రత, అవని అని ఉంది. ఆ మూడు పేర్లే.

నేనే గీకి ఉంటే నా పేరు రాసుకోనా? ఆ ఇంటి తాళంచెవి కూడా నా దగ్గర లేదు. నాలుగు నెలలైంది, ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళు బయట కారులో ఉన్నారు, తాళంచెవి అడిగి చూడండి. మా అమ్మాయి సంసారం ఏమవుతుందోనని నాకూ భయంగానే ఉంది. కానీ నిజం ఇదే. ఆ గోడ మీద నా పేరు కూడా ఉంటే, ఇప్పుడు కూడా అబద్ధమే చెప్పి ఉండేదాన్ని.

దుబాసీ మొత్తం చదివి వినిపించారు. అబద్ధమని నేనే చెప్పిన ఆ ఒక్క మాట తప్ప మిగిలినదంతా నిజం. ఎవరి బలవంతమూ లేకుండా ఇక్కడ నా పేరు రాస్తున్నాను.

కొల్లిపర కృష్ణకుమారి
సెయింట్ ఆగస్టీన్, ఫ్లోరిడా
27 డిసెంబరు 2025, మధ్యాహ్నం 2:35