బూట్లతో చచ్చినవాడు

అమెరికాలో పెకోస్ ఏటి ఒడ్డున, పశువుల కాపరుల గుడిసెలో, మిట్టమధ్యాహ్నం ఒకడు చిక్కుడు గింజలు తింటున్నాడు. వీపునుంచి రొమ్ముదాకా తూటా కన్నమున్న ఇంకొకడు తలుపు తోసుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“నిన్ను మంగళవారమే చంపాను కదరా.”

“చంపావు. వెనకనుంచి కాల్చావు. అందుకు రాలేదులే, తిను.”

తినేవాడు తుపాకీ తీసి రెండుసార్లు కాల్చాడు.

“గుళ్ళు దండగ చేసుకోకు. నాకిప్పుడు నొప్పి లేదు.”

“మరేం కావాలి నీకు?”

“ఆరోజు పడిపోయాక నిన్ను ఒక్కటే అడిగాను. ప్రాణం పోయేలోపు నా బూట్లు లాగెయ్యమన్నాను. బూట్లతో చావనని మా అమ్మకి ఒట్టేశాను. అలా చచ్చినవాడికి గోతిలో నిద్ర పట్టదంటుంది.”

“నాకు నవ్వాగలేదు. నీ నోట్లో ఇసక కొట్టి పూడ్చేశాను.”

“ఆ ఇసక ఇంకా పళ్ళకింద కరకరమంటోంది. ఇప్పుడు లాగు, పోయి పడుకుంటాను.”

“మళ్ళీ రావుగా?”

“మా అమ్మ మీద ఒట్టు, రాను.”

“కాలు ఇటు పెట్టు. ఛీ, ఏం కంపురా ఇది.”

“నాలుగు రోజులైంది మరి. పాదాలు ఉబ్బాయి, ఒంటిచేత్తో ఊడవు. తుపాకీ బల్ల మీద పెట్టి రెండు చేతులా లాగు.”

“ఒకటొచ్చింది. ఇదిగో, రెండోది కూడా. ఇక పో. నా తుపాకీ తీశావేం? వద్దురా.”

తూటా కడుపులో దిగింది.

“నా చేతులు అందట్లేదురా. నా బూట్లు లాగు. నీకు దణ్ణం పెడతాను.”

“ఆరోజు నీకెందుకు నవ్వొచ్చిందో ఇప్పుడు తెలిసింది.”