తండ్రి బతికుండగా గుండు

“తాతా, నీకు జుట్టు ఏ వయసులో ఊడ్డం మొదలెట్టినాది?”

ఏటి, ఇప్పుడెందుకొచ్చినాదిరా ఆ బెంగ? ఓహో. ఆదివారం పిల్లని సూడ్డానికెల్తన్నావు గదా, అదా సంగతి. ఇలా రా, ఎలుగులోకి వొంగు. ఊఁ... పలసబడ్డాది. నడినెత్తిన మాడు కనిపిస్తన్నాది. ఇరవై ఏడేల్లకేనేటి? సర్లే, మొకం అలాగెట్టకు. కూకో.

నాకు రెండుసార్లు ఊడినాది బాబూ. నలభైలో ఊడినాది సూడు, అది నాకు తెలీనే తెలీదు. కల్లం పనులు, పిల్లల సదువులు, ఎవుడు సూసుకుంటాడు? ఒకరోజు ఎండకి నెత్తి సుర్రుమంటే తడుంకున్నాను, అక్కడేటీ నేదు. అంతే. మీ మామ్మకయితే మీ నాన్న పుట్టినాక మూడో నెల్లో దువ్వినప్పుడల్లా సేతినిండా వొచ్చీసీది. దువ్వెనట్టుకుని ఏడిసీది. బిడ్డ తల్లి మొకం పోల్చుకుంటే తల్లికి జుట్టూడతాదని పెద్దోల్లు అనీవోరులే. ఏడాదికి మల్లీ వొచ్చినాది. ఇప్పుడు సూడు, ముడి ఉసిరికాయంతున్నాది, అయినా పువ్వెట్టకుండా గుమ్మం దాటదు. ఆ ముడికి పువ్వు నిలబడదు, పిన్నీసెట్టి మరీ... సర్లే, ఏటి సెప్తన్నాను?

ఆఁ, మొదటిసారి. అది నీకన్నా సిన్న వయసులోనే. ఇరవైనాలుగు... కాదు కాదు, ఇరవైమూడు, మా పెద్దక్కకి కూతురు పుట్టిన ఏడు. మీ మామ్మతోటి పెల్లి కుదిరిపోనాది. రామతీర్థం దగ్గరే ఆల్ల ఊరు. తాంబూలాలు పుచ్చీసుకున్నారు, నెలన్నరలో ముహూర్తం. అప్పుడొచ్చినాది నాయినా, పేనుకొరుకుడు. రూపాయి బిల్లంత మేర జుట్టు ఊడిపోయి నున్నగా అయిపోనాది. ఒకటి రెండయినాది, రెండు నాలుగయినాయి, ఆకర్న మీసంలో కూడా సగం పోనాది. ఉల్లిపాయ రుద్దినాను. కంపు తప్ప ఏటీ రానేదు. ఆ కంపుకి మా అమ్మ నాకు అన్నం దూరంనించి తోసీది.

మా ఊల్లో క్షవరం సేసే అప్పన్నని ఉండీవోడు. అప్పుడు డబ్బులెక్కడివి, కల్లంలో ఏడాదికోపాలి దాన్నం కొలిసీవోల్లం. ఆడన్నాడు గదా, “బాబూ, మొత్తం గొరిగీస్తాను, మీసంతో సహా. నెలకల్లా ఒత్తుగా వొస్తాది, పెల్లినాటికి ఎవులికీ తెలీదు” అని. నాకా మాట నచ్చీసినాది. ఎవుల్నీ అడగనేదు. మా నాన్న పొలంలో ఉన్నాడు. కూకున్నాను, గొరిగించీసుకున్నాను.

ఇప్పుడు మీకు గుండంటే ఫేషను. మా కాలంలో మీసం ఉండి గుండయితే మొక్కు తీర్చుకున్నాడనుకునీవోరు. మీసం కూడా నేకపోతే? ఇంట్లో తండ్రి పోయినట్టే. ఆ ఇసయం నాకు తట్టనేదురా! బుర్రలో జుట్టు తప్ప ఇంకోటి నేదు.

మర్నాడు మా బావని రైలెక్కించడానికి సీపురుపల్లి టేసనుకెల్లినాను. అదే రైల్లో మీ మామ్మకి మేనమావ కిటికీ కాడ కూకునున్నాడు. “ఓ అల్లుడా!” అని కేకేసినాడు. నాకు సిగ్గు. తువ్వాలు మొకమ్మీద కప్పీసుకుని అటు తిరిగిపోనాను. ఈలోగా రైలు కదిలిపోనాది. ఆయనేటనుకుంటాడు మరి? గుండు, మీసం నేదు, మొకం కప్పుకుని ఏడుస్తన్నాడు, అయ్యో, వియ్యంకుడు పోయినాడు కామోసు అనుకున్నాడు. సరాసరి ఎల్లి అదే మాట ఆల్లింట్లో సెప్పీసినాడు.

మూడో రోజున మీ మామ్మ తండ్రీ, ఆల్ల ముసిల్దీ, అంటే మీ మామ్మకి నాయనమ్మ, మాకాడికి పరామర్శకొచ్చినారు. ఆ ముసిల్ది ఈది మొదట్నించే శోకాలెట్టుకుంటా వొచ్చినాది. “ఎల్లిపోనావా కొడకా, పెల్లి సూడకుండా ఎల్లిపోనావా” అని. మా నాన్న అరుగుమీద కూకుని అంబలి తాగుతన్నాడు. గిన్నె సేత్తో అట్టుకునే నెగిసి నిలబడి, “ఎవులు పోనారమ్మా?” అని అడిగినాడు. ముసిల్ది కెవ్వున అరిసి దబ్బున కూలబడిపోనాది.

సంగతి తెలిసినాక మా నాన్న సేకర్ర తీసినాడు. “నాను బతికుండగానే నాకు కర్మ సేసీసినావురా ఎదవా!” అని గడ్డిమేటు సుట్టూ తరిమినాడు. ఊరంతా ఒకటే నవ్వు. మీ మామ్మ తండ్రొక్కడే నవ్వనేదు. ఆయన తల దించుకుని అన్నాడు గదా, “బావా, మా పిల్ల రెండ్రోజులై మెతుకు ముట్టనేదు. కాలెట్టకముందే మావని మింగీసినాదని ఈదంతా అంటన్నారు. నూతికాడికెల్తే ఆడోల్లు బిందెలు తీసుకుని తప్పుకుంటన్నారు.”

నవ్వులాగిపోనాయి. నా జుట్టుకి నాను సిగ్గుపడితే నింద ఎల్లి దాని నెత్తిమీద పడ్డాదిరా. ఏ పాపం తెలీని పిల్ల. మా నాన్న కర్ర కింద పడీసినాడు. “ఎల్లు. ఆ తువ్వాలు నేకుండా ఎల్లు” అన్నాడు.

ఆల్లతోనే ఎల్లినాను. మీ మామ్మ గుమ్మంలోకొచ్చినాది. కల్లు వాసిపోయున్నాయి. నా నెత్తికేసి సూసి, “మావ?” అన్నాది.

“బాగున్నాడు. నాకు పేనుకొరుకుడొచ్చినాది, దానికి గొరిగించుకున్నాను. మల్లీ జుట్టొస్తాదో రాదో తెలీదు. నీకిష్టం నేకపోతే మానీ” అన్నాను.

“నీ జుట్టు నాకెందుకు?” అన్నాది. “మావ బాగున్నాడన్న మాట నాకు కాదు, ఆల్లకి సెప్పు.” ఈదికేసి సెయ్యి సూపించినాది.

సెప్పినాను నాయినా. ఇంటింటికీ ఎల్లి సెప్పినాను. గుమ్మంకాడ నిలబడి, “అమ్మా, మా నాన్న బతికే ఉన్నాడు, పోయింది నా జుట్టే” అని. ఎనకాల పిల్లలు గోల. ఆ ఎనకాల మీ మామ్మ. పెల్లికాని పిల్ల ఇలాగ ఈదినపడ్డమేటని ఎవులో అన్నారు, అది ఇనిపించుకోనేదు. ఆ ఈదిలో అందరికన్నా పెద్ద నోరు ఒక ముసిలమ్మది, పిల్లమీద ముందు ఆ నిందేసిందీ ఆవిడేనట. నన్ను వొంగమని గుండంతా తడిమి సూసినాది. సూసి, “అయితే పిల్లది తప్పేటీ నేదులే” అన్నాది.

నాను హమ్మయ్యనుకుని ఆవిడ అరుగుమీదే కూలబడ్డాను. మీ మామ్మ వొచ్చి నా ముందు నిలబడి, “నెగు. ఇంకా నాలుగిల్లున్నాయి” అన్నాది.

అప్పుడనుకున్నానురా, ఈ పిల్లతో బతికీగలనని. అలాటి పిల్లే దొరకాల నాయినా నీకు. సల్లగుండు.