చప్పుడుంటేనే పని

తొర్రూరు బస్టాండు పక్కన కంప్యూటర్ షాపు నడిపే సాగర్, మెత్తటి కీబోర్డు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. జనాల దరఖాస్తులు నింపిపెట్టే ఆన్‌లైన్ సెంటరామె రెండు వేళ్లతో కొట్టి చూసి మొహం చిట్లించింది.

"గిది వద్దు తమ్మీ. చప్పుడు గట్టిగ రావాలె."

"చెవులు నొయ్యవా అక్కా?"

"నొస్తె నొయ్యనీ. చప్పుడు రాకుంటె దరఖాస్తు పోలేదంటున్నరు జనం. ఎదురుంగున్న సెంటరోడు టకటక కొడ్తుండని ఆడికే ఉరుకుతున్నరు."

షాపులోకెల్లా ఎక్కువ మోత మోగే మెకానికల్ కీబోర్డు తీశాడు సాగర్. ఆమె వాయిస్తుంటే రోడ్డు మీది వాళ్లు ఆగి తొంగిచూశారు.

"గిదే కావాలె!"

ఆ మోతలో సాగర్ అరవాల్సి వచ్చింది.

"మరి సర్వర్ నడవని రోజు ఏం కొడ్తవక్కా?"

"గా రోజుకే గద ఇది! చప్పుడు ఆగిందంటె లైన్ల ఒక్కలు నిలవడరు."