మాస్టారి ఎడమ చెయ్యి

"కష్టమా అని అడిగావు చూడు అమ్మాయ్, అసలా ప్రశ్నే తప్పు," అన్నారు పియానో మాస్టారు, వరండాలో కుర్చీ వెనక్కి వాల్చి.

అడిగింది ఆయన దగ్గర నేర్చుకుంటున్న నర్సు. కచేరీకి ఆమె ఎంచుకున్న జాజ్ ముక్క ఆరితేరినవాళ్లకే కొరుకుడు పడదు. దాన్నే ఉంచుకోవాలా, తేలికది తీసుకోవాలా, రేపు పొద్దున హాలు వాళ్లకి చెప్పెయ్యాలి. పక్కింటి పోస్టుమాస్టరు టీ తాగుతూ వింటున్నారు. లోపల, కిటికీ పక్కనే, మాస్టారి భార్య చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది.

"నేనది నెలలో పట్టేశాను. నెలంటే నెల కూడా కాదు, మధ్యలో జ్వరమొకటి. సంగతేమిటంటే, ఎడమ చెయ్యి అడుగులో అడుగేసుకుంటూ ఆగకుండా నడవాలి, కుడి చెయ్యి మాత్రం తాగినవాడిలా ఇష్టమొచ్చినట్టు తిరగాలి, ఒకదాని గొడవ ఒకదానికి పట్టకూడదు. అందరూ బోర్లా పడేది ఇక్కడే. నేనేం చేశాను? ఎడమ చేతిని వదిలేశాను. నీ దారి నీది, నా దారి నాది అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"విడాకులిచ్చిందా?" అన్నారు పోస్టుమాస్టరు.

"వినవయ్యా! నాకు కునుకు పట్టినా అది వాయిస్తూనే ఉండేది. ఒకరోజు నేను కుడి చేతి భాగంలో మునిగిపోయి ఉన్నాను, వంటింట్లో పాలు పొంగబోయాయి. ఎడమ చెయ్యి పొంగనిచ్చిందా? వెళ్లి పొయ్యి కట్టేసి, వచ్చి సరిగ్గా తాళంలో పడింది!"

"మీరు లేవలేదా మాస్టారూ?" అంది నర్సు.

"సాధన మధ్యలో లేస్తారా ఎవరైనా? అది అక్కడితో ఆగిందా! ఉయ్యాల ఊపేది, అంట్లు తోమేది, పెద్దాణ్ణి బడి నుంచి తీసుకొచ్చేది, ఒక్క స్వరం తప్పేది కాదు. కచేరీ రోజు ఇంటికి చుట్టాలొస్తే వాళ్లందరికీ వడ్డించింది కూడా అదే."

"మరి హాల్లో ఎడమ భాగం ఎవరు వాయించారోయ్?" అన్నారు పోస్టుమాస్టరు.

"అదే! ఇక్కడా అదే, అక్కడా అదే!"

పోస్టుమాస్టరు టీ ఒలికేలా నవ్వారు. నర్సు నవ్వలేదు. డ్యూటీ దిగి ఇంటికెళ్లగానే తనకోసం ఎదురుచూసే పొయ్యి, బడి సంచులు ఆమెకి గుర్తొచ్చాయి.

"నాకలాంటి చెయ్యి లేదు మాస్టారూ. తేలికదే తీసుకుంటాను."

కిటికీలో ఇస్త్రీ పెట్టె ఆగింది.

"ఆ చెయ్యి నాది," అంది మాస్టారి భార్య.

పోస్టుమాస్టరు కప్పు కింద పెట్టి కిటికీ వైపు తిరిగారు.

"ఈయనకి రెండు చేతులూ కలవకపోతే, చిన్నాణ్ణి ఒళ్లో వేసుకుని పక్కన కూర్చుని ఎడమ భాగం నేను వాయించాను. హాల్లోనూ నేనే. పాలు పొంగకుండా పొయ్యి కట్టేసిందీ నేనే."

మాస్టారు కుర్చీ ముందుకి దించారు.

"అక్కా, మీరు చెప్పండి," అంది నర్సు. "నాకొస్తుందా?"

ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి కిటికీ దగ్గరికొచ్చింది. "కష్టమే. ఊరికే ధైర్యం చెప్పను. నడుమ పేజీలో కుడి చెయ్యి పరిగెడుతుంటే ఎడమది కూడా వెంటపడుతుంది, దాన్ని ఆపడానికే చాలా రోజులు పడుతుంది. కానీ అంతకంటే కష్టమైనది కాగితం మీద లేదు. నువ్వు పియానో ముందు కూర్చున్నప్పుడు ఇంట్లో పాలు ఎవరు చూస్తారు?"

"మా ఆయన."

"అడిగావా?"

"లేదు. ఈరోజు అడుగుతాను."

"అడగడం కాదు, చెప్పడం. అలా చెప్తే నీకొస్తుంది. లోపలికి రా, ఎడమ చేతితో మొదలుపెడదాం."

ఆవిడ వేడి ఇస్త్రీ పెట్టె తెచ్చి మాస్టారి ఎడమ చేతికిచ్చింది.

"కాలరు జాగ్రత్తండీ. ఆ చేతికి అన్నీ వచ్చుగా."